జిల్లా ప్రామాణిక నేత్రం

“శ్మశానం ప్రహరీకి కూడా ఇంత దిక్కుమాలిన రంగు వెయ్యరే,” అంది మంగాయమ్మ. అప్పటికి ఆ గొడవ మూడోరోజులో పడింది.

హైమావతి స్టూలు మీదనుంచి దిగకుండానే, “బూడిద రంగు అత్తయ్యగారూ. ఈ గదొక్కదానికే,” అంది.

“బూడిదంటే నాకు తెలీదా? అంట్లు తోమిన చేతులివి. ఇది పేడ కళ్ళాపి ఎండిపోయిన రంగు. పసుప్పచ్చగా, మురిగ్గా. ఆ పెయింటువాడు నిన్ను ముంచేశాడు.”

“ఇందులో పసుపు చుక్క కూడా లేదండీ.”

“నాకు కనబడుతుంటే లేదంటావేంటి?”

సత్తిరాజు గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఇటు తల్లి, అటు పెళ్ళాం. అతను పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తున్నాడు. ‘అందరూ ఇటు చూడండి’ అనడమే తప్ప ఇన్నేళ్ళలో ఏ పక్షంవైపూ మాట్లాడి ఎరగడు. ఇప్పుడూ గ్లాసు కడిగే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు.

కొత్తరేవు బజారు వీధిలో వాళ్ళ స్టూడియో ముందు గది, ఇల్లు వెనక. సత్తిరాజు ఫోటోలు తీస్తాడు, హైమావతి వాటిని కంప్యూటర్లో దిద్ది అచ్చు వేస్తుంది. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళికూతురి చిలకపచ్చ పట్టుచీర ఆల్బంలో గోరింటాకు ముద్దలా అచ్చయింది. పెళ్ళికూతురి తల్లి ఆల్బం తెచ్చి బల్లమీద పడేసి, “మా వియ్యపురాలు చూస్తే, చూపించిన చీర ఒకటి, పెట్టిన చీర ఒకటి అనుకోదూ?” అని ఏడ్చింది. తప్పు అచ్చుయంత్రానిది కాదు, తెరదని హైమావతి కష్టపడి తెలుసుకుంది. కొట్లోంచి వచ్చిన తెర మిరుమిట్లు గొలుపుతూ, కాస్త నీలంగా ఉంటుంది. అందులో చూసి దిద్దితే కాగితం మీద ఇంకొకటి పడుతుంది.

అందుకని కాలిబ్రేటర్ అనే మౌసంత పరికరం తెప్పించుకుంది. కంప్యూటరు పెట్టిన అరగంటకి, తెర వేడెక్కాక, దాన్ని తెరమీద వేలాడదీస్తే, ఒక్కొక్క రంగే వేసుకుని, కొలుచుకుని, తప్పు ఎంతో చెప్పి సరిచేస్తుంది. తెరలు నెలతిరిగేసరికి మళ్ళీ దారి తప్పుతాయి కనుక నెలనెలా చెయ్యాలి. గదిలో గోడ రంగు, కట్టుకున్న చీర రంగు కూడా తెరమీద పడి కంటిని మోసం చేస్తాయని, ఆ గదిలోకి వెళ్ళేముందు హైమావతి బూడిదరంగు నేతచీరలోకి మారుతుంది. “మా కోడలు కంప్యూటరుకి మడికట్టుకుంటుంది,” అని మంగాయమ్మ వీధంతా చెప్పింది.

ఇంతకీ మంగాయమ్మకి గోడ పసుప్పచ్చగా కనబడటం కోడలిమీద కోపంతో కాదు. ఆవిడకి దిండు గలీబులు మాసినట్టు కనబడి మూడుసార్లు ఉతికించింది. పాలగ్లాసు చూసి, “టీ వద్దన్నానుగా,” అంది. కంటి శిబిరంలో డాక్టరమ్మ దీపం వేసి చూసి, “కుడికంటికి శుక్లం బాగా ముదిరింది, ఎడమది దాని వెనకాలే వస్తోంది. శుక్లం పట్టిందంటే పసుపు గాజులోంచి చూస్తున్నట్టే. మూడు నెలల్లో ఆపరేషన్ చేయించండి. నానిస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోతుంది,” అని చెప్పింది. ఊళ్ళో పెద్దాసుపత్రిలోనే చేస్తారు. కాకపోతే ఆవిడ ఆరోగ్య కార్డు గడువు తీరింది. కొత్త కార్డుకి కొత్త ఫోటో కావాలి. ఫోటోలు తీసే ఇంట్లో ఫోటోకి ఏం లోటని ఎవరూ బెంగ పెట్టుకోలేదు.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది.

ఎక్కడో ఒక పెద్దాయన ముఖం ఒక ప్రభుత్వ పుస్తకం అట్టమీద రెండు ఛాయలు తక్కువగా అచ్చయిందట. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించి, ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ పదహారు ఊళ్ళు తిరిగి, అదే ముఖాన్ని పదహారు తెరలమీద చూసి, పదహారు రకాలుగా కనబడిందని నివేదిక ఇచ్చింది. అంతవరకూ నిజమే. హైమావతిని అడిగితే కూర్చున్నచోటే చెప్పేది. నివేదిక మీద వర్ణ సమన్వయ శాఖ పుట్టింది, శాఖకి జిల్లాకొక అధికారి పుట్టాడు.

కొత్తరేవు జిల్లా కేంద్రమై మూడేళ్ళే అయింది. ఆఫీసులకి చోటు చాలక, వర్ణ సమన్వయ శాఖకి మూతపడ్డ కల్యాణ మండపం ఇచ్చారు. పెళ్ళిపీటలు వేసే వేదికమీద జిల్లా ప్రామాణిక తెరని ప్రతిష్ఠించారు. జిల్లాలో ప్రతి తెరా, ప్రతి ఫోటో ఇకమీదట దానితో సరిపోలాలి. మరి అది దేనితో సరిపోలాలి అన్న విషయం ఉత్తర్వులో లేదు. అది జిల్లా అధికారి కోదండపాణిగారి విచక్షణకి వదిలేశారు.

కోదండపాణిగారు ముందుగా తన ఫోటోనే తెరమీద వేయించారు. జిల్లాలో ఆయనకి బాగా తెలిసిన ముఖం అదొక్కటే.

“నేనిలా ఉండనే,” అన్నారు.

ఆపరేటరు ఫణి కొంచెం వెలుగు పెంచాడు.

“ఇంకొంచెం.”

పెంచాడు.

“ఆ పసుపేమిటి? తగ్గించు.”

పసుపు తగ్గితే నీలం ఎక్కింది. మధ్యాహ్నం మూడు గంటలకి కోదండపాణిగారు కుర్చీలో వెనక్కి వాలి, “ఇదీ నేను,” అన్నారు తృప్తిగా. ఫణి తెరమీటల మీద లక్క కరిగించి సీలు వేశాడు. అలా ఈ జిల్లా రంగు ఖరారైంది.

పదిరోజులకి ఆయన హైమావతి స్టూడియో తనిఖీకి వచ్చారు. గది చూసి, గోడ చూసి, కుర్చీ చూసి, చివరికి తెర చూశారు. ఫణి తెచ్చిన ప్రామాణిక చిత్రాన్ని తెరమీద వేశాడు. హైమావతి తెరమీద కోదండపాణిగారు ఎలా ఉంటారో అలాగే కనబడ్డారు. ఆయన ముఖం ముడుచుకుంది.

“మీ తెర ప్రామాణిక తెరకి తొమ్మిది పాయింట్ల వ్యత్యాసంలో ఉన్నది. అనుమతించబడిన వ్యత్యాసం మూడు.”

“మీదే మా దానికి తొమ్మిది పాయింట్లు తేడాగా ఉందేమోనండీ,” అంది హైమావతి.

“ప్రామాణిక తెరకి వ్యత్యాసం ఉండదమ్మా. వ్యత్యాసమనేది ఇతరులకు ఉంటుంది.”

హైమావతి కాలిబ్రేటర్ తీసి చూపించింది. “ఇది కొలిచి చెప్పిన రంగండీ. ఇది మనిషి మొహం చూసి మాట్లాడదు.”

కోదండపాణిగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు. “దీనికి నియామక ఉత్తర్వు ఉన్నదా?”

“లేదండి. కొరియర్లో వచ్చింది,” అన్నాడు సత్తిరాజు.

“కొరియర్లో వచ్చినది ప్రభుత్వాన్ని కొలుస్తుందా?” అని ఆయన ఫణివైపు తిరిగి, “రాసుకో. సదరు యజమానురాలు అనధికార సత్యమును కలిగియున్నది,” అన్నారు.

వాళ్ళు వెళ్ళాక సత్తిరాజు మెల్లిగా, “వాళ్ళ సెట్టింగే పెట్టెయ్యకూడదూ? మనకెందుకు?” అన్నాడు.

“రేపు పెళ్ళి ఆల్బంలో పెళ్ళికూతుళ్ళందరూ చలికి బిగుసుకుపోయినట్టు వస్తే?”

“ఆల్బం నీది పెట్టు. కార్డులకి వాళ్ళది పెట్టు. మనం నిజం పెళ్ళిళ్ళకే వాడుకుందాం.”

ఆ మాట అతను వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో హైమావతికి తెలియలేదు. కానీ అలాగే చేసింది. అత్తగారి కన్ను గుర్తుకొచ్చి చేసింది. ప్రభుత్వ సెట్టింగులో దిద్దిన మంగాయమ్మ ఫోటో అచ్చులోంచి బయటికొచ్చింది. ముఖమంతా విభూతి పూసినట్టుంది, పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. కూతురు కావేరి అది చూసి, “అమ్మా, నానమ్మని ఐసుపెట్టెలోంచి తీశారా?” అంది.

“నోర్ముయ్. కార్డు వచ్చేదాకా ఇదే మీ నానమ్మ.”

ఫోటోలన్నీ ప్రామాణికం అయ్యాక శాఖకి అసలు చిక్కు వచ్చిపడింది. ఫోటోలు సరిగ్గానే ఉన్నాయి, కానీ వాటిని పట్టుకొచ్చినవాళ్ళ ముఖాలు వాటికి సరిపోలడం లేదు. కోదండపాణిగారు ఒక ఆదివారమంతా ఆలోచించి సర్క్యులర్ రాశారు: ‘ఫోటో ప్రామాణికమైనదైనందున, వ్యత్యాసము దరఖాస్తుదారుని ముఖమునందే గలదని భావించవలెను. సదరు ముఖములను కొలిచి సరిచేయు క్రమాంకనమునకు హాజరుపరచవలెను.’

హైమావతి అత్తగారిని తీసుకుని కల్యాణ మండపానికి వెళ్ళేసరికి, భోజనాల హాల్లో రెండొందలమంది బల్లలమీద కూర్చుని ఉన్నారు. కిటికీలకి నల్లగుడ్డలు. అందరి మెడలకీ మంగలికొట్లో కట్టినట్టు బూడిదరంగు గుడ్డలు.

“ఎందుకు కూర్చోబెట్టారండీ?” అని పక్కాయన్ని అడిగింది.

“వేడెక్కాలంటమ్మా,” అన్నాడాయన. రొయ్యల చెరువుల కాపలాదారు. “ముఖాలు అరగంట వేడెక్కితేగానీ కొలత నిలబడదంట. నేను ఎండలోంచే వచ్చాను బాబూ అంటే, అది బయటి వేడి, లెక్కలోకి రాదన్నారు.”

వరస కదిలింది. ఒక అటెండరు ప్రతి ముఖాన్నీ పొడి మెత్తగుడ్డతో తుడుస్తున్నాడు. తడిగుడ్డ వాడితే పైపూత పాడవుతుందట. ఇంకొకడు కాలిబ్రేటర్ లాంటిదాన్ని తాడుకట్టి నుదుటిమీద వేలాడదీస్తున్నాడు. ఫణి అంకె చదువుతాడు, కోదండపాణిగారు తీర్పు చెబుతారు.

“ఇరవై ఒకటి,” అన్నాడు ఫణి, చెరువుల కాపలాదారుని కొలిచి.

“వెలుగు బాగా తక్కువ. నెలరోజులు నీడపట్టున ఉండి రావలెను.”

“నీడపట్టునుంటే చెరువెవరు చూస్తారండీ?”

“చెరువు మా శాఖ పరిధిలోనిది కాదు.”

ఒక కొత్తకోడలు చెంపల పసుపు కడుక్కోలేదని తిరస్కరించారు. కవలలిద్దర్లో ఒకణ్ణి ఆమోదించి, రెండోవాణ్ణి మొదటివాడికి సరిపోలమన్నారు. ఆమోదించినవాళ్ళకి కూడా నెలకే చెల్లుబాటు. తెరలు నెలకోసారి దారి తప్పుతాయని శాస్త్రం, ముఖాలు తప్పవని ఎక్కడుంది? మండపం ఎదురుగా ఉన్న బ్యూటీపార్లరావిడ అప్పటికే ‘ఆఫీసు పూత ఇక్కడ వేయబడును’ అని అట్టముక్క వేలాడదీసింది. పార్లరులోంచి వచ్చేవాళ్ళందరూ ఒక్క తల్లి పిల్లల్లా, లేత నీలంగా, రోడ్డు దాటుతున్నారు.

కొలత కాగానే ఇంకో ప్రశ్న ఉంది. దరఖాస్తుదారుణ్ణి ప్రామాణిక తెరముందు నిలబెట్టి, “ఈ చిత్రము నీదేనా?” అని అడిగి సంతకం పెట్టించుకోవాలి. అక్కడ ఎవరూ సూటిగా ఔననడంలేదు. “మా తాతయ్య పోయినప్పుడు ఇలాగే ఉన్నారండీ,” అంది ఒకామె. “మీరు నాదేనంటే నాదేనండి,” అన్నాడొకాయన. శాఖ పెట్టిన మూడు వారాల్లో ఒక్క మనిషి కూడా తెరని చూసి, బాగుందని అనలేదు. కోదండపాణిగారికి లోపల అదొక బాధ.

మంగాయమ్మ వంతు వచ్చింది. వ్యత్యాసం పదకొండు. ఫణి తిరస్కరణ ముద్ర చేతిలోకి తీసుకుంటూ, అలవాటు కొద్దీ, “ఈ చిత్రం నీదేనా మామ్మా?” అన్నాడు.

మంగాయమ్మ తెరకి జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది.

“నాదే! ఎంత బాగా వచ్చాను!” అంది. “ఏమే హైమా, చూశావా? నా తెల్లచీర తెల్లగా ఉంది. ఇన్నాళ్ళకి ఒక్కరు సరిగ్గా ఉతికారు.”

కోదండపాణిగారు కుర్చీలోంచి లేచారు.

“అమ్మా, మళ్ళీ సెలవియ్యండి.”

“ఉన్నదున్నట్టు ఉంది బాబూ. మా ఇంట్లో పెట్టెలో అయితే అన్నీ పసుపు కొట్టుకుపోయి ఉంటాయి.”

ఆయన వెంటనే తన ఫోటో వేయించారు. “ఇది?”

మంగాయమ్మ ఫోటో చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. “ఇందులో లక్షణంగా ఉన్నారు. మనిషే కాస్త పచ్చబడ్డారు. కామెర్లేమో చూపించుకోండి.”

“విన్నావా ఫణీ! నాకన్నా నా చిత్రమే సరియైనది!” అన్నారు కోదండపాణిగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హైమావతికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. తెరలో ఎక్కువైన నీలాన్ని శుక్లంలోని పసుపు సరిగ్గా చెల్లగొట్టేస్తోంది. ఆ తెరమీద రంగులు ఉన్నవున్నట్టు కనబడాలంటే, చూసే కన్ను పాడై ఉండాలి. చెబుదామని నోరు తెరిచింది. అప్పటికే ఫణి ముద్ర పక్కనపెట్టి, అత్తగారికి కుర్చీ వేస్తున్నాడు.

మూడోరోజు ఇంటికి నియామక పత్రం వచ్చింది. శ్రీమతి మంగాయమ్మగారిని ‘జిల్లా ప్రామాణిక నేత్రం’గా నియమించడమైనది. గౌరవ హోదా. సోమవారం నుంచి శనివారం వరకు జీపు వస్తుంది. వేదికమీద మెత్త కుర్చీ, మొదటిరోజు శాలువా, పదకొండింటికి బత్తాయిరసం. కాలిబ్రేటర్ అంకె ఏదైనా సరే, ఆవిడ ‘సరే’ అంటే సరి, ‘కాదు’ అంటే కాదు.

మంగాయమ్మ నడక మారింది. సాయంత్రం జీపు దిగి, శాలువా మడిచి మంచంమీద పెట్టి, “ఇవాళ డెబ్భైమందిని చూశాను, నలభైమందిని కొట్టేశాను,” అనేది.

“పాపం, ఎందుకు కొట్టేశావమ్మా?” అనేవాడు సత్తిరాజు.

“పచ్చగా ఉన్నారురా. ఊరంతా పచ్చబడిపోయింది. నీళ్ళు బాలేవో ఏంటో.”

హైమావతి అత్తగారి ఆరోగ్య కార్డు కోసం కోదండపాణిగారి దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ చీటీ బల్లమీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, దాన్ని వేలికొసతో వెనక్కి జరిపారు.

“ప్రామాణిక నేత్రమునందు మార్పుచేర్పులు నిషిద్ధమమ్మా. తెర మీటలకి లక్కముద్ర వేశాం. నేత్రానికీ అదే వర్తిస్తుంది.”

“ఆపరేషన్ చెయ్యకపోతే చూపు పోతుందండీ.”

“పోవచ్చు. అది సహజ కారణము. శస్త్రచికిత్స మాత్రం ఉద్దేశపూర్వక మార్పు. ఆడిటులో మొదటిదానికి సమాధానం చెప్పుకోవచ్చు, రెండోదానికి చెప్పుకోలేము.”

“అసలు శుక్లం ఉండబట్టే ఆవిడకి మీ తెర సరిగ్గా కనబడుతోంది. తీసేస్తే ఆవిడా అందరిలాగే నీలంగా ఉందంటారు.”

కోదండపాణిగారు చీటీని మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. హైమావతికి ఆశ పుట్టింది. ఆయన కలం తీసి, “ఏమన్నారు? శుక్లం ఉంటే సరిగ్గా కనబడుతుందా?” అని కాగితంమీద రాసుకున్నారు. “అంటే శుక్లమే ప్రమాణమన్నమాట. ఈ శాస్త్రీయ అంశము మా దృష్టికి తెచ్చినందుకు శాఖ మీకు కృతజ్ఞత తెలుపుతున్నది.”

వారం తిరక్కుండా మండలానికొక ఉప ప్రామాణిక నేత్రం కావాలని ప్రకటన వేశారు. రెండు కళ్ళకీ ముదిరిన శుక్లాలున్నవారికి ప్రాధాన్యం, ఒక్క కంటికే ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అభ్యర్థుల కొరత రాకుండా కంటి శిబిరాలు తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేశారు. శిబిరం డాక్టరమ్మని పశుగణన పర్యవేక్షణకి వేశారు.

ఆ సాయంత్రం హైమావతి అత్తగారి మంచం పక్కన పీట వేసుకు కూర్చుంది.

“అత్తయ్యగారూ, రాజమండ్రిలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. కార్డూ అడగరు, ఫోటో అడగరు. ఒక్క పూట పని. వెళ్ళొద్దామా?”

“ఆఫీసు మానెయ్యనా?”

“అత్తయ్యగారూ, ఆ తెర తప్పు.”

“నువ్వొక్కదానివే ఒప్పు,” అంది మంగాయమ్మ. అంతలోనే గొంతు తగ్గించి, “నాకు డెబ్భైమూడు. ఈ ఇంట్లో గోడకి ఏ రంగు వెయ్యాలో నన్నడిగారా? మీ మావగారున్నప్పుడు కూర ఏం వండాలో కూడా ఆయనే చెప్పేవారు. ఇప్పుడు నేను ఒక మాటంటే ఒకడు నిలబడి రాసుకుంటున్నాడే. కొట్టేయ్ అంటే కొట్టేస్తున్నారు. కన్నుదేముంది, ఎంతమంది ముసలాళ్ళకి కనబడుతోంది గనక?” అంది.

హైమావతి గోడ సంగతి నిజంగానే అడగలేదు.

నెల గడిచింది. డాక్టరమ్మ ఇచ్చిన గడువులో ఇంక పదిహేనురోజులే మిగిలాయి. మంగాయమ్మ గుమ్మం తట్టుకుని రెండుసార్లు పడబోయింది. పులుసులో చెయ్యిపెట్టి, మజ్జిగ అనుకుంది. అయినా పొద్దున్నే జీపు హారను వినగానే శాలువా కోసం చెయ్యి చాపేది. కంటిలో చూపు తగ్గేకొద్దీ తిరస్కరణలు పెరిగాయి. కోదండపాణిగారు దాన్ని ప్రమాణాల పెరుగుదలగా పై ఆఫీసుకి రాశారు.

కావేరికి పాలిటెక్నిక్‌లో చేరడానికి దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. దానికి శాఖ ముద్ర తప్పదు. శనివారం తల్లీకూతుళ్ళు మండపానికి వెళ్ళారు. అరగంట వేడెక్కారు. పిల్ల మెడకి బూడిదగుడ్డ కట్టారు.

“కొలత సమయంలో నోరు మెదపరాదు. ముఖకవళికలు మారిన యెడల రీడింగు చెడును,” అన్నాడు ఫణి. పేరు పిలవడం కూడా మానేశారు, నంబరే. పక్షపాతం రాకుండా.

నంబరు నూటనాలుగు. కావేరి వేదిక ఎక్కి, నానమ్మకి మూరెడు దూరంలో నిలబడింది. పెదాలు బిగించుకున్నా, కళ్ళలో నవ్వు దాగలేదు. నానమ్మ ఎలా ఆశ్చర్యపోతుందోనని దానికి సరదాగా ఉంది.

మంగాయమ్మ తెరమీది ఫోటో చూసింది. మెడ చాపి ఎదురుగా ఉన్న పిల్లని చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

“ఫోటో బాగుంది. పిల్లే బాలేదు,” అంది. “ఎవరి పిల్లో, ముఖం మట్టికొట్టుకుపోయినట్టుంది. ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు కాబోలు. కొట్టేయండి.”

ఫణి ముద్ర కొట్టాడు.

కావేరి నవ్వు కళ్ళలోనే ఆగిపోయింది. హైమావతి వేదిక కింద నిలబడి, మెట్టుమీద కాలు పెట్టబోయి ఆగింది.

“నానమ్మా,” అంది కావేరి. “నేను.”

మంగాయమ్మ చెయ్యి గాలిలోకి చాపింది. ఆ చెయ్యి పిల్ల భుజానికి తగిలింది, మెడమీది బూడిదగుడ్డ తడిమింది, చెవి దగ్గర ఆగింది. చెవికమ్మకున్న చిన్న రాయిని బొటనవేలితో రుద్దేసరికి, అది తను కొనిపెట్టిందేనని ఆవిడ వేలికి తెలిసింది.

“ఆహా!” అన్నారు కోదండపాణిగారు లేచి నిలబడి. “సొంత మనవరాలిని సైతం గుర్తించని నిష్పాక్షికత! బంధుప్రీతి లవలేశమైనా లేని నేత్రం! ఫణీ, అవార్డుకి సిఫారసు చెయ్యి. అమ్మాయీ, నువ్వు నెలరోజుల్లో ముఖం సరిచేసుకుని మళ్ళీ రావచ్చును.”

హాల్లో వేడెక్కుతున్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కొట్టమని అటెండరు సైగ చేశాడు.

మంగాయమ్మ ఆ తర్వాత ఎవర్నీ కొట్టేయలేదు. ఎవర్నీ సరే అనలేదు కూడా. తలనొప్పిగా ఉందని చెప్పి, జీపు ఎక్కకుండా కోడలి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచొచ్చింది. కావేరి వెనకాల, తిరస్కరించిన దరఖాస్తు మడతపెట్టుకుని వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. ఫోను మోగింది. సత్తిరాజు మాట్లాడి వచ్చి, “ఫణి. రేపు జీపు అరగంట ముందే వస్తుందంట. అవార్డు ఫోటో తియ్యాలంట. నన్నే తియ్యమన్నారు,” అన్నాడు. సంతోషించాలో వద్దో తెలియక పెళ్ళాం ముఖంలోకి చూశాడు.

హైమావతి అత్తగారి కంచంలో మజ్జిగ పోసింది. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియడానికి గిన్నె అంచు కంచానికి తాకించింది.

మంగాయమ్మ అన్నం కలుపుకుంటూ, గొంతు పెంచకుండా, “రేపు ఆరున్నర బస్సుకి రాజమండ్రి వెళ్తున్నాను. కళ్ళు చేయించుకుంటాను,” అంది.

సత్తిరాజు ఫోను కంచం పక్కన పెట్టాడు.

“మరి జీపొస్తే?” అన్నాడు.

“శాలువా అందులో పెట్టి పంపించెయ్.”

“అమ్మా, అది ప్రభుత్వ నేత్రం అన్నారు. పర్మిషన్ లేకుండా...”

“నన్ను ప్రభుత్వం కన్లేదురా సత్తీ. మా అమ్మ కంది.” మంగాయమ్మ ఒక ముద్ద తిని, మంచినీళ్ళ కోసం తడిమింది. కావేరి గ్లాసు చేతికందించింది. ఆవిడ గ్లాసునీ, దాన్ని పట్టుకున్న వేళ్ళనీ కలిపి పట్టుకుని వదల్లేదు.

“హైమ వస్తుంది తోడు. నువ్వూ రావాలే,” అంది మనవరాలితో. “కట్టు విప్పేటప్పుడు ఎదురుగా నిలబడు. నోరు మెదపకు. నువ్వెవరివో నేను చెప్తాను.”